పురాణం వెంట నడిచిన నవ్వు

ముగ్గురు ముసలవ్వలు. ముగ్గురికీ కలిపి ఒకటే కన్ను. న్యూయార్క్ వీధుల్లో టాక్సీ నడపడం వాళ్ళ పని. ఆ ఒక్క కన్ను కోసం నాకివ్వు, నాకివ్వు అని పోట్లాడుకుంటూ బండిని అడ్డదిడ్డంగా తోలుతుంటే వెనక సీట్లో కూర్చున్న పిల్లలకు పై ప్రాణాలు పైనే పోతుంటాయి. గ్రీకు పురాణాల్లోని గ్రాయీ అక్కచెల్లెళ్ళు వీళ్ళు. అమెరికా రచయిత రిక్ రియోర్డన్ 2006లో అచ్చయిన 'ది సీ ఆఫ్ మాన్‌స్టర్స్' అనే నవలలో వీళ్ళ చేతికి టాక్సీ ఇచ్చాడు. ఆయన నవలల వరుసను తీసుకుని డిస్నీ ప్లస్ 2023 డిసెంబరులో మొదలుపెట్టిన 'పెర్సీ జాక్సన్ అండ్ ది ఒలింపియన్స్' సీరియల్ రెండో సీజన్‌కు ఈ నవలే ఆధారం. ఆ వరుసలోని మొదటి కథలో ఇంకో చమత్కారం ఉంది. చూసినవాళ్ళను రాయిగా మార్చే మెడూసా తల తెగింతర్వాత, కుర్రవాడు పెర్సీ ఆ తలను పెట్టెలో పెట్టి తిన్నగా దేవలోకానికే పార్సిల్ చేస్తాడు.

ఇలాంటివి చూసినప్పుడు మనవాళ్ళలో చదువుకున్నవాళ్ళు కొందరు, మన పురాణాలతో ఇంత సరదాగా ఎవరూ ఆడుకోలేదే అంటారు. ఆ మాట వినగానే నాకు పడమటి కర్నూలు ఊళ్ళు గుర్తొస్తాయి. గూడూరు, ఎమ్మిగనూరు, ఆదోని. (నెల్లూరు వైపు గూడూరు వేరు. ఇది కర్నూలు జిల్లాలోని మగ్గాల గూడూరు.) ఈ గడ్డ మీద దేవుళ్ళను, రాక్షసులను, రాజులను ఊరి నడిబొడ్డుకు తెచ్చి, మన యాసలో మాట్లాడించి, జనాన్ని పొట్ట చెక్కలయ్యేలా నవ్వించిన మనుషులు తరతరాలుగా ఉన్నారు. పద్యం రాసిన కవి పేరు మనకు తెలుసు. పద్యం పాడిన నటుడి పేరూ తెలుసు. ఆ రెండు పద్యాల నడుమ జనాన్ని నిద్రపోనివ్వకుండా కూర్చోబెట్టిన హాస్యగాడి మాట మాత్రం ఏ పుస్తకంలోనూ దొరకదు. ఈ వ్యాసం అతని కోసం.

కొంచెం వెనక నుంచి మొదలుపెడదాం. పదమూడో శతాబ్దంలో తిక్కన విరాటపర్వంతో భారతం తెలుగు చేయడం ఆరంభించాడు. ఆ పర్వంలో ఉత్తరుడి ఘట్టం ఉంది. కౌరవులు ఆవుల మందలను తోలుకుపోతున్నారని కబురొస్తుంది. రాజు లేడు, సైన్యం లేదు. అంతఃపురంలో ఆడవాళ్ళ మధ్య కూర్చున్న ఉత్తరుడు, సారథి ఒక్కడు దొరికితే చాలు భీష్మద్రోణులనైనా తరిమి కొడతానంటాడు. సారథి దొరుకుతాడు, బృహన్నల రూపంలో ఉన్న అర్జునుడు. రథం పొలిమేర దాటి కౌరవసేన కంటపడేసరికి కుర్రవాడికి ఒళ్ళు వణుకుతుంది. రథం దిగి పరుగు లంకించుకుంటాడు. చీర కట్టుకున్న అర్జునుడు వెంటపడి పట్టుకుని, లాక్కొచ్చి రథం మీద కూర్చోబెడతాడు. వీరుడనుకున్నవాడు పారిపోవడం, పేడివాడనుకున్నవాడు వీరుడు కావడం రెండూ ఒకే దెబ్బకు జరుగుతాయి. వ్యాసుడిలోనే ఉన్న ఘట్టమిది. తెలుగువాడు దాన్ని ఎంతగా తనది చేసుకున్నాడంటే, ఉత్తరకుమార ప్రగల్భాలు అనే మాట రచ్చబండ మీద ఈనాటికీ చెల్లుబాటవుతోంది.

వానలు పడకపోతే విరాటపర్వం చదివించడం తెలుగు పల్లెల ఆచారం. వాన ఎక్కువగా మొహం చాటేసే ఈ పడమటి తాలూకాలకు ఆ ఆచారం విలువ వేరే చెప్పాలా? గుక్కెడు నీళ్ళ కోసం ఆకాశం వైపు చూస్తూ జనం భక్తితో విన్న పర్వంలోనే భారతంలోకెల్లా గొప్ప పిరికివాడు ఉన్నాడు. ఆ కష్టంలోనూ వాళ్ళు ఉత్తరుణ్ణి చూసి నవ్వారు. ఆ నవ్వుకు ఏ దేవుడూ అలిగినట్టు ఎవరూ చెప్పుకోలేదు. పురాణంలో హాస్యం అపచారమనే మాట తర్వాత కాలంలో పుట్టింది. మన పెద్దలకు ఆ భయం లేదు.

తిక్కన పుస్తకం చదువు వచ్చినవాళ్ళది. రానివాళ్ళకు ఆ కథ చేర్చింది తోలుబొమ్మ. మేకతోలును పలచగా చేసి, రంగులు అద్ది, సూదిమొనతో చిల్లులు పొడిచి చేసిన బొమ్మలు. తెల్లటి తెర వెనక ఆముదం దీపం. రాముడు, రావణుడు మనిషెత్తుకు దగ్గరగా ఉంటారు. వాళ్ళ మధ్యకు హఠాత్తుగా ఊడిపడే చిన్న బొమ్మలు జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు. జుట్టుపోలిగాడికి పిలక. వాడి పెళ్ళాం బంగారక్క. మధ్యలో దూరి తగువు పెట్టేవాడు కేతిగాడు. సీతమ్మ అశోకవనంలో ఏడుస్తుంటే చూసేవాళ్ళ గుండె బరువెక్కుతుంది. అప్పుడు ఈ ముగ్గురూ వచ్చి, ఆ ఊరి చెరువు గురించో, ఆ ఊరి పెద్దమనిషి పిసినారితనం గురించో, మొన్నటి పెళ్ళిలో పప్పు చాలకపోవడం గురించో మాట్లాడతారు. రామాయణం లంక నుంచి ఆ ఊరి వీధిలోకి వచ్చేస్తుంది. కాసేపటికి మళ్ళీ లంకకు వెళుతుంది.

ఈ ఆట ఆడేవాళ్ళలో చాలామంది ఇంట్లో మరాఠీ మాట్లాడే కుటుంబాలవాళ్ళు. తెర మీద తెలుగు, అదీ ఏ ఊరికి వెళితే ఆ ఊరి తెలుగు. పక్కనున్న పాత అనంతపురం జిల్లా నిమ్మలకుంట ఈ కళకు ఇప్పటికీ నిలిచిన కోట. అక్కడి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆ బొమ్మలు ఇప్పుడు లాంతర్లుగా, గోడకు తగిలించే బొమ్మలుగా దేశమంతా అమ్ముడవుతున్నాయి. రాముడు, హనుమంతుడు డ్రాయింగు రూములకు చేరారు. బంగారక్క మాత్రం ఎవరి గోడకూ ఎక్కలేదు. ఆమె అందమంతా నోట్లో ఉంది, ఆ నోరు దుకాణంలో దొరకదు.

ఒక నిజం కూడా చెప్పాలి. ఆ ముగ్గురి మాటల్లో బూతు ఉండేది. కులాన్ని, కురూపాన్ని, ఆడదాన్ని తక్కువ చేసే మాటలూ ఉండేవి. తెల్లవార్లూ ఆడే ఆటలో అర్ధరాత్రి దాటాక పిల్లలు నిద్రపోయారనే ధీమాతో వచ్చే మాటలవి. వాటిని వెనకేసుకు రావలసిన పని మనకు లేదు. అయితే వాటి సాకుతో మొత్తం హాస్యాన్నే మోటు అని తోసేసిన చదువరుల తీర్పును కూడా నేను ఒప్పుకోను. ఊరి పెద్దను ఊరి నడుమ నిలబెట్టి అడగగలిగిన నోరు ఆ రోజుల్లో ఇంకెవరికుంది?

ఈ తోలుబొమ్మల వాళ్ళ వంశం నుంచే సురభి నాటకం పుట్టింది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు కుటుంబం 'కీచకవధ' ఆడింది. బొమ్మలు ఆడించిన చేతులే వేషాలు కట్టాయి. మబ్బుల్లోంచి దిగే నారదుడు, పొగలోంచి వచ్చే ఘటోత్కచుడు, గాల్లో తేలే లడ్డూలు సురభి 'మాయాబజార్' ద్వారా పల్లెజనం కళ్ళకు పరిచయమైనవే. ఈ కాలం పిల్లలు గ్రాఫిక్స్‌లో చూసేవాటిని వాళ్ళ ముత్తాతలు తాడు, తీగ, కప్పీలతో చూశారు.

అదే కాలంలో ఇటు బళ్ళారిలో ఇంకో రంగస్థలం లేచింది. ఆదోని చరిత్రను దాన్నుంచి విడదీయలేం. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఇంగ్లీషువాళ్ళకు వదులుకున్నాక ఆదోని బళ్ళారి జిల్లాలోకి వెళ్ళింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడే ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఇటు వచ్చాయి. అంటే బళ్ళారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు సరస వినోదినీ సభ పెట్టి నాటకాలు ఆడినప్పుడు, కోలాచలం శ్రీనివాసరావు సుమనోరమ సభ నడిపినప్పుడు, బళ్ళారి రాఘవ స్టేజి ఎక్కినప్పుడు ఆదోనివాళ్ళకు అది సొంత జిల్లా కేంద్రపు ముచ్చట. ధర్మవరం వారి 'విషాద సారంగధర' తెలుగులో తొలి విషాదాంత నాటకంగా పేరు పొందింది. రాఘవ ఆడ పాత్రలు ఆడవాళ్ళే వేయాలని పట్టుబట్టినవాడు, 1920ల చివర ఇంగ్లండు దాకా వెళ్ళి బెర్నార్డ్ షా వంటివాళ్ళను కలిసి వచ్చినవాడు.

ఈ బళ్ళారి సంప్రదాయం మన నాటకానికి గాంభీర్యం ఇచ్చింది. పద్యానికి పెద్ద పీట వేసింది. దానికి మనం రుణపడి ఉన్నాం. అయితే అచ్చయిన నాటకంలో హాస్యానికి మిగిలిన చోటు తక్కువ. హాస్యగాడు పుస్తకం వదిలి ఊళ్ళలోని ఆటకు వెళ్ళిపోయాడు. అక్కడ మాత్రం వాడిదే రాజ్యం.

జాతరకో తిరునాళ్ళకో ఊళ్ళో 'సత్యహరిశ్చంద్ర' పెట్టారనుకోండి. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి నాటకమే ఆధారం. హరిశ్చంద్రుడి పద్యాలకు ఒన్స్ మోర్‌లు పడుతుంటాయి, హార్మోనియం ఆగదు. కానీ ఊరివాళ్ళు ఎదురుచూసేది నక్షత్రకుడి కోసం. విశ్వామిత్రుడి అప్పు వసూలు చేయడానికి రాజు వెంట పడే శిష్యుడు వాడు. అడవిలో నడవలేనంటాడు, ఆకలంటాడు, దాహమంటాడు, కాళ్ళు నొప్పులంటాడు, మధ్య మధ్య బాకీ సంగతి ఎత్తుతాడు. పుస్తకంలో వాడి మాటలు ఇన్నే. స్టేజి మీద మంచి నటుడు దొరికితే అరగంట, ముప్పావుగంట సాగుతుంది. ఏమప్పా రాజా, అసలు పోనీ వడ్డీ అన్నా కట్టవా, పత్తి అమ్మితే ఇస్తానంటివి, పత్తి యాడికి పాయె, అనే ధోరణిలో మాటలు దొర్లుతాయి. సత్యయుగపు చక్రవర్తి ఆదోని మార్కెట్ యార్డు దగ్గర నిలబడ్డ రైతు అయిపోతాడు.

ఎందుకంత నవ్వుతారు? పత్తి, వేరుశనగ చేతికి రాకపోతే అప్పులు, అప్పులు తీర్చడానికి సుగ్గికి వలసలు. ఇల్లు తాళం వేసి, పిల్లలను తీసుకుని గుంటూరు వైపు మిరప కోతలకు వెళ్ళే కుటుంబాలున్న నేల ఇది. తిరిగొచ్చి పండగకు ఆట పెట్టుకుంటారు. అప్పులవాడి చేతిలో నలిగినవాళ్ళకు నక్షత్రకుడు తెలియని మనిషి కాదు. రోజూ ఎవరి ముందు తల వంచుకుని నిలబడాలో వాడే వేషం కట్టుకుని వచ్చి అలసిపోయి, చెమటలు కక్కి, చివరికి రాజు మంచితనానికి లొంగిపోతే, ఆ నవ్వులో ఎంత బరువు దిగుతుందో కింద కూర్చున్నవాళ్ళకే తెలుసు. నక్షత్రకుడిలా వెంటపడ్డాడు అనే మాట తెలుగులో ఊరికే నిలవలేదు.

కాటిసీనులో తాగి తూలే వీరబాహుడూ అంతే. చచ్చిన కొడుకును మోసుకొచ్చిన తల్లి ఏడుపుకు కాస్త ముందు ఆ తాగుబోతు హాస్యం ఉంటుంది. నవ్వి వదులైన గుండె మీద ఆ ఏడుపు రెట్టింపుగా పడుతుంది. ఈ కిటుకు మన పల్లె నటులకు ఏ నాటకశాస్త్రమూ చెప్పలేదు.

చిలకమర్తి లక్ష్మీనరసింహం 'గయోపాఖ్యానం' మొదలయ్యేదే నవ్వొచ్చే ప్రమాదంతో. ఆకాశంలో రథం మీద పోతున్న గయుడనే గంధర్వుడు తాంబూలం ఉమ్మితే, అది కింద సూర్యుడికి అర్ఘ్యం ఇస్తున్న కృష్ణుడి దోసిట్లో పడుతుంది. అంతే, కృష్ణుడికీ అర్జునుడికీ యుద్ధం దాకా పోతుంది కథ. ఆ నాటకం ప్రతులు లక్షకు పైగా అమ్ముడయ్యాయని ప్రతీతి. బుర్రకథలో అయితే హాస్యానికి ఏకంగా ఉద్యోగమే ఉంది. కథకుడికి ఒక పక్కన నిలబడేవాడు రాజకీయం చెబుతాడు, ఇంకో పక్కవాడి పేరే హాస్యం. హరిదాసుకు పిట్టకథ ఉంది. పగటివేషాల వాళ్ళు ఇంటింటి ముందూ నవ్విస్తారు. పీర్ల పండుగకు పులివేషాలు గంతులేస్తాయి. తెలుగు, కన్నడం, ఉర్దూ మూడూ వినబడే ఆదోని బజారులో వేషగాడు మూడు భాషల్లోనూ నవ్వించాలి. ఆ చాకచక్యం ఇంకెక్కడా రాదు.

ఈ నేల వాసన ఎరిగిన మనిషి ఒకడు మద్రాసు వెళ్ళి సినిమా తీశాడు. కేవీ రెడ్డిగా పేరుపడ్డ ఆ కదిరి వెంకటరెడ్డిది అనంతపురం జిల్లా తాడిపత్రి. బళ్ళారి రాఘవ పుట్టిన ఊరూ తాడిపత్రే. నిర్మాతల్లో ఒకరైన బి. నాగిరెడ్డిది కడప జిల్లా పొట్టిపాడు. 1957 మార్చి 27న విడుదలైన 'మాయాబజార్'ను మనం తెలుగువాళ్ళందరి సినిమా అంటాం, నిజమే. అయినా దాని వెనక సీమ జాతరల రాత్రులు ఉన్నాయని నా గట్టి నమ్మకం.

వ్యాసుడి భారతంలో శశిరేఖ లేదు. బలరాముడికి కూతురుందని, ఆమెను అభిమన్యుడు పెళ్ళాడాడని చెప్పేది జనం కల్పించుకున్న కథ. అంటే పురాణం నుంచి విడివడి జనం అల్లుకున్న కొత్త కథను రచయిత పింగళి నాగేంద్రరావు, కేవీ రెడ్డి కలిసి సినిమా చేశారు. ఇందులో పాండవులు తెర మీద కనిపించరు. యుద్ధం లేదు. ఉన్నదంతా ఒక పెళ్ళి, ఆ పెళ్ళిని చెడగొట్టే ఉపాయం.

దగ్గరగా చూడవలసిన సన్నివేశం మాయా శశిరేఖది. ఘటోత్కచుడు శశిరేఖ రూపం ఎత్తి పెళ్ళివారింట్లో ఉన్నాడు. తెర మీద సావిత్రి. లోపల ఉన్నది ఎస్వీ రంగారావు. ఒంటరిగా ఉన్నంతసేపూ ఆ అమ్మాయి భుజాలు విరుచుకుంటుంది, మగవాడిలా అడుగులు వేస్తుంది. అలికిడైతే చాలు, తల వంచి సిగ్గుపడే పెళ్ళికూతురు. 'ఆహా నా పెళ్ళంట' పాటలో సుశీల గొంతు నడుమ ఘంటసాల గొంతు దూకుతుంది. సావిత్రి ముఖం ఆ రెండు గొంతులకూ ఒక్క క్షణం తేడా రాకుండా మారిపోతుంది. రంగారావు నడకను ఆమె ఎంతసేపు గమనించి ఉంటుందో! తెలుగు తెర మీద ఒక నటి చేసిన హాస్యంలో దీన్ని మించింది నేను చూడలేదు. రంగస్థలం మీద మగవాళ్ళు ఆడవేషం వేసి నవ్వించిన కాలం వందేళ్ళు నడిచింది. ఇక్కడ ఒక ఆడమనిషి మగవాణ్ణి లోపల పెట్టుకుని నవ్వించింది. ఆ తిరగవేతలో ఉంది సొగసు.

ఇక లక్ష్మణకుమారుడిగా రేలంగి. అందగాణ్ణనే భ్రమలో ఉన్న యువరాజు. ఆయనే ఆరేళ్ళ తర్వాత 1963లో 'నర్తనశాల'లో ఉత్తరకుమారుడయ్యాడు. గింబళి, గిల్పం పేర్లతో కౌరవుల వైపు శర్మ, శాస్త్రులను తిప్పలు పెట్టే ఘటోత్కచుడి వైపు చినమయ శిష్యులు, సత్యపీఠం ఎక్కగానే కడుపులోని కపటమంతా కక్కేసే శకుని, ఇవన్నీ నవ్వించేవే. వీటిలో ఎక్కడా కృష్ణుడి గౌరవానికి భంగం లేదు. నవ్వు పడేది డాబు మీద, ఆశ మీద, ముఖస్తుతి మీద, కపటం మీద. నాకు తెలిసి పురాణహాస్యానికి ఇదొక్కటే నియమం. ఈ నియమం తప్పనన్నాళ్ళు మన జనం ఎంతటి చనువునైనా సహించారు, చంకనెత్తుకున్నారు. దుష్టచతుష్టయం, అసమదీయులు, తసమదీయులు అనే మాటలు ఆ సినిమా నుంచి అసెంబ్లీ దాకా వెళ్ళాయి. 2010 జనవరిలో రంగులద్ది మళ్ళీ విడుదల చేస్తే కొత్త తరం కూడా థియేటర్లకు వచ్చింది.

తర్వాత వచ్చిన యముడి సినిమాల గురించి క్లుప్తంగా చెబుతాను. 1960లో 'దేవాంతకుడు', 1977లో 'యమగోల', 1988లో 'యముడికి మొగుడు', 1994లో 'యమలీల', 2007లో 'యమదొంగ'. ప్రపంచంలో మృత్యుదేవతతో ఇంత స్నేహంగా ఉన్న సినిమా ఇంకోటి ఉందో లేదో. వీటిలో నడిమి మూడింటిలో కైకాల సత్యనారాయణ యముడు, పక్కన చిత్రగుప్తుడిగా అల్లు రామలింగయ్యో బ్రహ్మానందమో. 'యమలీల'లో భవిష్యవాణి గ్రంథం పోగొట్టుకుని భూమ్మీదికి దిగిన యముడు ఐస్‌క్రీమ్ రుచికి లొంగిపోయి దానికి హిమక్రిములని పేరు పెడతాడు. చావుకు భయపడే మనిషి ఎదుట చావే పసిపిల్లాడిలా కూర్చుంటుంది. రియోర్డన్ గ్రీకు దేవతలను న్యూయార్క్‌కు తెచ్చినట్టే మనవాళ్ళు యముణ్ణి హైదరాబాద్ తెచ్చారు, అదీ పెర్సీ జాక్సన్ వరుసలో మొదటి నవల రావడానికి పదకొండేళ్ళ ముందే. ఆ నవల అచ్చయింది 2005లో.

మరి టీవీ? 1987 జనవరి 25న దూరదర్శన్‌లో రామానంద్ సాగర్ 'రామాయణ్' మొదలైంది. 1988 అక్టోబరు 2న బి.ఆర్. చోప్రా 'మహాభారత్' వచ్చింది, 1990 జూన్ దాకా నడిచింది. దాని సంభాషణలు రాసినవాడు రాహీ మాసూమ్ రజా. ఆదివారం పొద్దున టీవీ ఉన్న ఇంటి ముందు చెప్పులు గుట్టపడేవి. హిందీ రానివాళ్ళు కథ తెలుసు కాబట్టి కళ్ళతోనే చూశారు. దేశాన్ని ఒకచోట కూర్చోబెట్టిన ఘనత ఆ సీరియళ్ళది, కాదనను. అయితే ఆ తెర మీది దేవుళ్ళు మెల్లగా మాట్లాడతారు, మెల్లగా నవ్వుతారు, పూలు రాలుతుంటాయి. కుంభకర్ణుణ్ణి లేపే ఘట్టం వంటివాటిలో వాల్మీకే నవ్వించాడు కాబట్టి అక్కడ కొంత సందడి. మిగతా అంతటా పూజగది మర్యాద. చూసేవాళ్ళు టీవీకి దండలు వేసి హారతి ఇచ్చారంటే ఆ మర్యాద ఎంత బలంగా పనిచేసిందో తెలుస్తుంది.

తెలుగులో ఈటీవీ 1995లో వచ్చింది. ఆ చానల్ కోసం బాపు, రమణలు 'భాగవతం' తీశారు. బాపు బొమ్మలాంటి ఫ్రేము, ముళ్ళపూడి వెంకటరమణ మాట. వెన్నదొంగ కృష్ణుడి మీద గోపికల ఫిర్యాదులు పోతన నాటి నుంచీ మనకు ఉన్న హాస్యం. ఆ చమత్కారం తెలిసిన ఇద్దరు పెద్దలు టీవీకి చేయి వేయడం మన అదృష్టం. అలాంటి చేయి తర్వాత పడలేదు. తర్వాతవి ఎక్కువగా హిందీ నుంచి డబ్బింగులు. మెరుపులు, నగలు, ఒకే ముఖాన్ని మూడు వైపుల నుంచి చూపించే కెమెరా. ఇంకో పక్క కామెడీ షోలు పురాణ వేషాలు కట్టి స్కిట్లు వేస్తున్నాయి. అక్కడ నవ్వు కథలోంచి రాదు, కిరీటం జారడంలోంచి, మగవాడు చీర కట్టడంలోంచి వస్తుంది. పిల్లల వైపు చూస్తే హైదరాబాద్‌లోని గ్రీన్ గోల్డ్ యానిమేషన్ 2008లో పోగో చానల్‌కు 'ఛోటా భీమ్' ఇచ్చింది. లడ్డూ తింటే బలం వచ్చే ఆ పిల్లవాడికి పేరు, తిండి భారతంలోని భీముడివే. వాడు ఉండే ఢోలక్‌పూర్ మాత్రం ఎక్కడిదో తెలియదు, దానికి ఏ నేల యాసా లేదు.

లోపం ఎక్కడుందో ఇప్పుడు స్పష్టంగా చెప్పవచ్చు. జుట్టుపోలిగాడు చేసిన పని, నక్షత్రకుడు చేసిన పని, సత్యనారాయణ యముడు చేసిన పని, న్యూయార్క్ టాక్సీ చేసిన పని ఒకటే. పురాణాన్ని చూసేవాడి ఊరికి తేవడం. మన టీవీ సీరియల్ రచయిత ఏ ఊరికీ తేలేదు. రాష్ట్రమంతా చూస్తుంది కాబట్టి ఎవరి యాసా వద్దనుకున్నాడు, ఎవరి నొప్పీ తగలకూడదనుకున్నాడు. అందరిదీ అయిన కథ ఎవరిదీ కాకుండా పోయింది. మనోభావాలు దెబ్బతింటాయనే భయం ఇంకొకటి. ఆ భయం నిజమైనదే, గొడవలు చూస్తూనే ఉన్నాం. దానికి మందు 'మాయాబజార్'లోనే ఉంది. నమ్మకం ఉన్నవాడు రాయాలి, దంభం మీద నవ్వాలి. నారదుడు ఆదోని పత్తి మార్కెట్‌లో దిగితే ఏమవుతుంది? ఎమ్మిగనూరు మగ్గం ముందు కూర్చున్న నేతగాడి దగ్గరికి ద్రౌపదికి చీరలిచ్చిన కృష్ణుడు నూలు ధర అడగడానికి వస్తే ఏం మాట్లాడుకుంటారు? ఈ సీన్లు రాయగలిగిన కుర్రవాళ్ళు ఈ ఊళ్ళలోనే ఉన్నారు. వాళ్ళకు తెర దొరకలేదు. తెర ఉన్నవాళ్ళకు ఈ ఊళ్ళ మాట తెలియదు.

మాట తెలియకపోవడానికి కారణం అది రాసి లేకపోవడమే. తిరుపతి వేంకట కవుల ఉద్యోగవిజయాల పద్యాలు పుస్తకాల్లో ఉన్నాయి, గ్రామఫోను రికార్డుల్లో ఉన్నాయి, యూట్యూబులో ఉన్నాయి. కర్నూలు టీజీవీ కళాక్షేత్రంలో ఇప్పటికీ పద్యనాటకాలు ఆడుతున్నారు, సంతోషం. కానీ ముప్పై నలభై ఏళ్ళు నక్షత్రకుడు వేసిన మనిషి స్టేజి మీద అప్పటికప్పుడు అల్లిన మాటలు ఎక్కడున్నాయి? ఆయన నోట్లోనే. ఆయనకు డెబ్బై దాటింది, పళ్ళు ఊడుతున్నాయి. నాటకం పుస్తకం చూస్తే ఆయన పాత్రకు నాలుగు పేజీలు. ఆయన ఆడింది నలభై పేజీలు.

గూడూరు, కోడుమూరు, ఎమ్మిగనూరు, ఆదోని, ఆలూరు వైపు నాటక సమాజాల పెద్దలకు, తెలుగు చెప్పే ఉపాధ్యాయులకు, కాలేజీ పిల్లలకు నాదొక మనవి. మీ ఊళ్ళో హాస్య పాత్రలు వేసిన పెద్దవాళ్ళు ఇంకా ఉంటే ఈ పండగకే వాళ్ళ దగ్గరికి వెళ్ళండి. పద్యాలు పాడమని అడగకండి, అవి మనకు దొరుకుతాయి. నక్షత్రకుడి సీను, వీరబాహుడి సీను, ఉత్తరుడి పరుగు ఒకసారి చేసి చూపించమనండి. ఎదురుగా నలుగురిని కూర్చోబెట్టండి, నవ్వేవాళ్ళు లేకపోతే ఆయనకు మాట రాదు. సెల్‌ఫోన్ ఆన్ చేసి మొత్తం రికార్డు చేయండి. బూతు వచ్చినా ఆపకండి, తర్వాత వడపోసుకోవచ్చు. ఏ ఊరు, ఏ జాతర, ఏ సంవత్సరం, హార్మోనియం ఎవరు అనేవి కూడా ఆయన చేతనే చెప్పించి, ఒక కాపీ మీ ఊరి గ్రంథాలయంలో ఇవ్వండి.